నాలుగు ముక్కల నవల

కళ్లద్దాల షాపాయన పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనాన్ని అడిగే ప్రశ్న ఒక్కటే. "ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?" కుర్చీలో కూర్చున్న మనిషి ముక్కు మీద ఇనుప ఫ్రేము పెడతాడు, అందులో ఒక అద్దం వేస్తాడు, తీస్తాడు, ఇంకోటి వేస్తాడు, మళ్లీ అదే అడుగుతాడు. వాళ్లు చెప్తారు, ఈయన రాసుకుంటాడు. ఈయన్ని మాత్రం నీకేది బాగుందయ్యా అని ఇన్నేళ్లలో అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

షాపులో ఏ ఫ్రేము ఎవరి ముఖానికి నప్పుతుందో చెప్పేది ఆయన భార్య. "అది వద్దండీ, మీకసలే బుగ్గలెక్కువ" అని ఆవిడ ముఖం మీదే అనేస్తుంది. వచ్చినవాళ్లు నొచ్చుకోకపోగా ఆవిడ చూపించిందే కొనుక్కుని, ఆవిడకే థాంక్స్ చెప్పి పోతారు. ఇంట్లో గోడల రంగు దగ్గర్నుంచి గడియారం ఏ గోడకి వేలాడాలో దాకా అన్నీ ఆవిడ చూపే. అలాగని ఆవిడ గయ్యాళి అనుకునేరు, రామరామ, కానే కాదు. ఆవిడకి ప్రతిదాని మీదా అభిప్రాయం తయారుగా ఉంటుంది. ఈయనకి తయారయ్యేసరికి గోడకి మేకు కొట్టడం కూడా అయిపోతుంది. అంతే తేడా.

ఇలాంటి నోట్లో నాలుక లేని మనిషికి ఇంగ్లీషు నవలల పిచ్చి పట్టింది. చదువుకునే రోజుల్లో ఇంగ్లీషు పరీక్ష తప్పాడు. మళ్లీ రాసేటప్పుడు, భాష వంటబడుతుందని ఎవరో చెబితే, పక్కన డిక్షనరీ పెట్టుకుని ఒక నవల మొదలుపెట్టాడు. పరీక్ష ఎలాగో గట్టెక్కింది గానీ నవల సగంలో ఉంది. అందులోని పిల్ల ఇల్లు వదిలి వెళ్లిందో లేదో తెలియక ఈయనకి ముద్ద దిగలేదు. అలా పట్టుకున్నది మరి వదల్లేదు.

చదవడం వరకూ బాగానే ఉండేది. పుస్తకం మూసేశాకే ప్రాణం కొట్టుకునేది. ఎవరో ఒకరిని పట్టుకుని "చూశారా ఎంత పని చేసిందో" అనాలనిపించేది. పెళ్లైన కొత్తలో ఒకసారి ధైర్యం చేసి ఒక నవల కథంతా భార్యకి చెప్పాడు. మొగుడు పోయి, ఆస్తి పోయి, ఆఖరికి పరాయి ఊళ్లో కుట్టుపని చేసుకుని నిలబడ్డ ఒకావిడ కథ. భార్య మడతపెడుతున్న బట్టలు పక్కన పెట్టి మరీ శ్రద్ధగా విన్నది. విని, "అచ్చం ఇలాంటావిడే మా పిన్నత్తగారింటి పక్కన ఉండేది" అని, ఆ పక్కింటావిడ కథ మొదలుపెట్టింది. అది నవల కంటే పెద్దది. ఆ తర్వాత ఆయన మళ్లీ ఆ సాహసం చేయలేదు.

ఆయన నోరు విప్పించింది పోస్టుమాస్టరమ్మ. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, ఒకరోజు చదువుకునే అద్దాల కోసం షాపుకొచ్చింది. దగ్గర చూపు పరీక్షకి ఈయన చిన్న అక్షరాల అట్ట చేతికిస్తే, "ఇదెందుకండీ, నా దగ్గర ఇంకా చిన్న అక్షరాలున్నాయి" అని సంచిలోంచి ఇంగ్లీషు నవల తీసింది. ఆ నవల ఈయన చదివిందే. "ఆ తమ్ముడు చేసింది న్యాయమేనంటారా?" అన్నాడు ఈయన, ఇంకో అద్దం వేయడం కూడా మర్చిపోయి. ముక్కు మీద ఇనుప ఫ్రేము అలాగే పెట్టుకుని ఆవిడ న్యాయం ఏమిటో చెప్పడం మొదలుపెట్టింది. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు చూసి చూసి లేచి పోయారు.

తర్వాత వీధి చివర డ్రైక్లీనింగాయన కలిశాడు. కోట్ల జేబుల్లో జనం మర్చిపోయిన పుస్తకాలు చదివి చదివి ఆయనకి ఈ రోగం అంటింది. పళ్ల డాక్టరు చివర్లో చేరాడు. నోరు తెరిచి కూర్చున్నవాళ్లు ఎదురు మాట్లాడలేరు కాబట్టి ఆయనకి తన మాటే ఆఖరి మాట అనే అలవాటు. నలుగురూ ఆదివారం మధ్యాహ్నం షాపు వెనక గదిలో కూర్చునేవారు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడకి అక్షరాల బోర్డు, మూల విరిగిన ఫ్రేముల డబ్బా. ఇంగ్లీషు సాహిత్యం గురించి ఇంగ్లీషులోనే మాట్లాడుకోవాలని మొదటివారం తీర్మానం చేసుకున్నారు. ఆ వారమంతా ఒకరినొకరు ఎంతో మర్యాదగా పొగుడుకున్నారు. రెండోవారం మాటా మాటా వచ్చింది. ఇంగ్లీషులో పోట్లాడటం ఎలాగో ఒక్కరికీ తెలియకపోవడంతో తీర్మానం గాలికి పోయింది.

ముక్కల పద్ధతి వచ్చింది ఆ పోట్లాటలోనే. పుస్తకం ఒక్కటే ఉండేది, దొరికేది పాత పుస్తకాల కొట్లో. ఈ వారం నాదంటే నాదని డ్రైక్లీనింగాయనా పళ్ల డాక్టరూ చెరో అట్టా పట్టుకుని లాగారు. నడుం విరిగి నవల రెండు ముక్కలైంది. చిన్నపిల్లల్లా ఇద్దరూ తలలు దించుకున్నారు. సరే అయ్యిందేదో అయ్యింది, చెరో ముక్కా చదువుకురండి అంది పోస్టుమాస్టరమ్మ.

మరుసటి వారం ఆ గదిలో జరిగిన రభస ఆ నలుగురూ జన్మలో మర్చిపోలేదు. మొదటి ముక్క చదివినాయన దృష్టిలో దేవతైన మనిషి రెండో ముక్క చదివినాయన దృష్టిలో పచ్చి మోసగత్తె. ఇద్దరి దగ్గరా సాక్ష్యం ఉంది, ఇద్దరూ చెప్పేది నిజమే. మిగతా ఇద్దరూ ఏ ముక్కా చదవకుండానే చెరో పక్కా చేరారు. ఆ సాయంత్రం కళ్లద్దాలాయన ఇంటికి వెళ్తూ దారిలో తనలో తాను నవ్వుకున్నాడు.

అంతే, అదే ఆచారమైపోయింది. నవల దొరకడం ఆలస్యం, పళ్ల డాక్టరు తన సన్నకత్తితో దాన్ని నాలుగు చేసేవాడు. "నొప్పి ఉండదు" అని పుస్తకానికి చెప్పి మరీ కోసేవాడు. ఎవరి ముక్క వాళ్లు చదవాలి, వారం వారం మార్చుకోవాలి, ఎదుటివాళ్ల ముక్కలో ఏముందో అడగకూడదు. వాదనలో పెట్టి రాబట్టుకోవచ్చు.

సముద్రం ఒడ్డున ఇల్లు అద్దెకిచ్చే ఒక విధవరాలి నవల వచ్చినప్పుడైతే చూడాలి. ఆవిడ ఇంట్లో ఓడ పని మానేసిన ముసలి కెప్టెన్ ఒకడు అద్దెకి దిగాడు.

"గుక్కెడు వేడినీళ్లకి కూడా వంక పెట్టే పిసినారి అండీ ఆవిడ" అన్నాడు మొదటి ముక్క చదివిన డ్రైక్లీనింగాయన.

"పిసినారా? కెప్టెన్‌కి జ్వరమొస్తే తన కంబళి కప్పి తను చలిలో పడుకుంది" అంది రెండో ముక్క పోస్టుమాస్టరమ్మ.

"మరి అదే మనిషి వానలో అతని పెట్టె బయట పెట్టి తలుపేసుకుందేం?" అన్నాడు మూడో ముక్క చేతిలో ఉన్న కళ్లద్దాలాయన. ఆ మాట అంటూ బల్ల మీద చరిచాడు. షాపులో చూసినవాళ్లెవరైనా ఆ చప్పుడు ఈయనదంటే నమ్మరు.

నాలుగో ముక్క చదివిన పళ్ల డాక్టరు మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, "పాపం, మీకేం తెలుసు" అని ఊరుకున్నాడు. మిగతా ముగ్గురూ ఆయన మీద ఒంటికాలి మీద లేచారు. ఆవిడ ఆ పెట్టె బయట పెట్టింది పిసినారితనంతోనా, కోపంతోనా అని కొట్టుకుని కళ్లద్దాలాయనా డ్రైక్లీనింగాయనా వారం రోజులు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అయినా శనివారానికల్లా ఈయన చొక్కాలు ఇస్త్రీ అయి వచ్చాయి, ఆయన అద్దాలకి మరలు బిగిసి వెళ్లాయి.

అందరూ అన్ని ముక్కలూ చదివేసిన ఆఖరి ఆదివారం కొంచెం చప్పగా ఉండేది. అందరూ ఒక మాట మీదికి వచ్చేవారు. టీ తాగి, కొత్త నవల కోసుకుని లేచేవారు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అప్పుడే పట్టించుకుని ఉంటే తర్వాత ఇంత గొడవ ఉండేది కాదు.

ఆ గొడవ తెచ్చింది బావమరిది. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు, ఫ్యాన్లూ మిక్సీలూ అమ్మే వ్యాపారం, మంచి మనసు. ఆ మంచి మనసుతోనే వచ్చింది చిక్కు. ఒక ఆదివారం అక్కని చూడ్డానికి వచ్చి, వెనక గదిలో అరుపులు విని తొంగిచూశాడు. ఊళ్లో అంతో ఇంతో పేరున్న నలుగురు పెద్దమనుషులు తలో చిరిగిన పుస్తకం ముక్కా గుండెకి హత్తుకుని కొట్టుకుంటున్నారు. తిన్నగా అక్క దగ్గరికి వెళ్లాడు.

"అక్కా, బావకి మరీ ఇంత కష్టమొచ్చిందా? ఒక్క పుస్తకాన్ని నలుగురు చింపుకుని చదువుతున్నారు" అన్నాడు.

"ఆయన నాకేం చెప్తారు" అంది భార్య. తమ్ముడి ముందు ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

నెల తిరక్కుండా అట్టపెట్టె వచ్చింది. రెండు కొత్త నవలలు, ఒక్కోటీ నాలుగేసి ప్రతులు, తళతళలాడే అట్టలు. "ఇక మీరు చింపుకోనక్కర్లేదు బావా. ఎవరిది వాళ్లు మొదట్నుంచి చివరిదాకా హాయిగా చదువుకోండి" అన్నాడు బావమరిది. నలుగురూ అతన్ని నెత్తిన పెట్టుకున్నారు. పోస్టుమాస్టరమ్మ అయితే కొత్త కాగితం వాసన చూసి కళ్లు మూసుకుంది. కళ్లద్దాలాయనకి సంతోషంతో మాట రాలేదు. మామూలుగానే రాదు కాబట్టి ఎవరూ గమనించలేదు.

మొదటి నవల ఒక కొండ మీది హోటలు గురించి. యజమాని మాయమైపోతే వంటమనిషి హోటలు నడుపుతుంది. నలుగురూ వారమంతా చదివారు, పూర్తిగా చదివారు, శుభ్రంగా వచ్చి కూర్చున్నారు.

"వంటమనిషి మంచిది" అన్నాడు కళ్లద్దాలాయన.

"అవును, మంచిది" అంది పోస్టుమాస్టరమ్మ.

"మొదట్లో కొంచెం అనుమానం వస్తుంది గానీ, చివర్లో తేలిపోతుంది కదా" అన్నాడు డ్రైక్లీనింగాయన. పళ్ల డాక్టరు తలూపాడు. అందరూ తలూపారు. గోడ మీద అక్షరాల బోర్డు వంక చూశారు. టీ వచ్చింది. డాక్టరు తన బీపీ గురించి చెప్పాడు, పోస్టుమాస్టరమ్మ తన వీధిలో మురుగునీళ్ల గురించి చెప్పింది. ఇంకా ఎండ తగ్గకముందే ఎవరి దారిన వాళ్లు పోయారు.

ఆ తర్వాతి వారం డాక్టరుకి ఏదో పెళ్లి తగిలింది. ఆ పై వారం డ్రైక్లీనింగాయనకి అర్జంటు కోట్లు పడ్డాయి. ఆదివారం పెళ్లిళ్లూ కోట్లూ ఇదివరకూ ఉండేవి, ఎవరూ లెక్కచేసేవారు కాదు.

గది నిలబెట్టడానికి కళ్లద్దాలాయన ఒక ఎత్తు వేశాడు. ఎలాగో నలుగురూ కూడిన రోజు, కావాలని అడ్డం తిరిగాడు. "నన్నడిగితే యజమానిని మాయం చేసింది ఆ వంటమనిషే" అన్నాడు, ఎవరైనా మీద పడతారని ఆశగా చూస్తూ. ముగ్గురూ ఓపిగ్గా పుస్తకాలు తెరిచారు, ఒకే పేజీ తీశారు. యజమాని తన చెల్లెలింటికి తనే రైలెక్కి వెళ్లాడని అక్కడ నల్లగా అచ్చేసి ఉంది. "చూశారా" అంది పోస్టుమాస్టరమ్మ జాలిగా. "మీరు సరిగ్గా చదవలేదేమో" అన్నాడు డాక్టరు. ఈయన మింగలేక కక్కలేక, అవునేమో అన్నాడు. జీవితంలో చాలాచోట్ల అన్న మాటే, ఆ గదిలో మాత్రం అనడం అదే మొదలు.

ఇదంతా గమనించిన భార్య ఒకరోజు ఫ్రేములు తుడుస్తూ తేల్చేసింది. "ఏవండీ, తమ్ముడు ఫ్యాన్ల డబ్బాలు పెట్టుకోవడానికి చోటు లేక అవస్థ పడుతున్నాడు. మీ వెనక గది ఖాళీయేగా. ఆదివారం బండి పంపిస్తానన్నాడు."

"అక్కడ మేం కూర్చుంటాం కదా" అన్నాడు ఈయన.

"కూర్చుని ఏం చేస్తున్నారు? మాట్లాడుకోవడానికే ఏమీ లేదంటే గది దేనికి?"

ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది. ఉన్న మాటే అంది. ఆ రాత్రి ఆయనకి కంటిమీద కునుకు లేదు. ఇన్నాళ్లూ తను ఆ గదికి వెళ్తోంది పుస్తకాల కోసమని అనుకున్నాడు. పుస్తకాలైతే ఇంట్లోనూ చదువుకోవచ్చు. "కాదండీ, మీరు చెప్పింది తప్పు" అని తన ముఖం మీద ఒకరు అంటే, తను గట్టిగా బదులు చెప్పే చోటు ఈ భూమ్మీద అదొక్కటే. అది పోతే ఇక బతుకంతా "ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా" అని అడగటమే. పొద్దున్నే లేచి పళ్ల డాక్టరుకి ఫోన్ చేశాడు. "ఆదివారం తప్పకుండా రండి. మీ సన్నకత్తి తీసుకురండి" అన్నాడు. డాక్టరు ఎందుకని అడగలేదు.

ఆదివారం షాపు ముందు తోపుడుబండి వచ్చి ఆగింది, ఫ్యాన్ల డబ్బాలు మనిషెత్తున. బావమరిది చొక్కా చేతులు పైకి మడుచుకుని పని పురమాయిస్తున్నాడు, భార్య దారికడ్డంగా ఉన్న స్టూళ్లు జరుపుతోంది. డ్రైక్లీనింగాయన ఇక రాలేనని చెప్పిపోదామని వచ్చినవాడు గుమ్మంలో నిలబడిపోయాడు. లోపల డాక్టరూ పోస్టుమాస్టరమ్మా అప్పటికే కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు బల్ల మీద రెండో నవల కొత్త ప్రతులు నాలుగూ వరసగా ఉన్నాయి. తన ప్రతి ఇంటికి పట్టుకుపోతానని పోస్టుమాస్టరమ్మ అప్పట్లోనే అడిగినా కళ్లద్దాలాయన ఆ ఒక్క నవలా ఎవరికీ ఇవ్వకుండా దాచాడు. ఒకటి తీసి డాక్టరు ముందు పెట్టాడు.

"కోయండి" అన్నాడు.

"నొప్పి ఉండదు" అన్నాడు డాక్టరు, అలవాటుగా.

మొదటి గాటు పడేసరికి భార్య పరుగెత్తుకొచ్చింది. "ఏవండీ, మతి పోయిందా? మా తమ్ముడు తెచ్చినవవి." వెనకే బావమరిది వచ్చాడు. అప్పటికి రెండో పుస్తకం కూడా కోతకి సిద్ధమైంది.

"నాలుగూ కోయాలి డాక్టరుగారూ" అన్నాడు కళ్లద్దాలాయన. "ఒక్కటి నిండుగా మిగిలినా ఎవరో ఒకరం దొంగచాటుగా చదివేస్తాం."

బావమరిది ముఖం చిన్నబోయింది. "ఏంటి బావా ఇది? మొత్తం పుస్తకం కళ్లెదుట పెడితే ముక్కలు చేసుకుంటావా? ముక్కలో ఏం కనిపిస్తుంది చెప్పు. ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?"

అతను ఎగతాళికే అన్నాడు, షాపులో ఆ మాట వినీ వినీ నోటికొచ్చింది. కళ్లద్దాలాయన మాత్రం ఆగి, నిజంగా ఆలోచించాడు. గదిలో అందరూ ఆయన వైపే చూస్తున్నారు.

"ఇందాకే బాగుంది" అన్నాడు. "నువ్వు ప్రేమగా తెచ్చావు, నాకు తెలుసు, కాదనను. కానీ మొత్తం కనిపించినప్పట్నుంచీ మాకు ఒకరితో ఒకరికి పనిలేకుండా పోయింది. నాకీ గది కావాలి. నేనివ్వను."

డాక్టరు ఆఖరి పుస్తకం కోసి కత్తి తుడుచుకున్నాడు. డ్రైక్లీనింగాయన మెల్లగా వచ్చి తన కుర్చీలో కూర్చుని రెండో ముక్క తీసుకున్నాడు. తలో ముక్కా పోగా బల్ల మీద ముక్కలు కుప్పగా మిగిలాయి. అలిగిన బావమరిది అప్పటికే లోపలికి దింపిన ఒక ఫ్యాను డబ్బా మీద కూలబడ్డాడు. తన సొమ్ముకి ఎంత నష్టం జరిగిందో చూద్దామని కుప్పలోంచి ఒకటి లాగాడు. అది మూడో ముక్క. తిరగేశాడు. ఒక పేజీ దగ్గర ఆగాడు. బండివాళ్లు బయట్నుంచి పిలుస్తుంటే, ఉండండ్రా అన్నాడు తలెత్తకుండా.

కథ ఇద్దరు అక్కచెల్లెళ్లది. ఇంట్లో పియానో ఒక్కటే, ఇద్దరికీ మాటల్లేవు.

"పెద్దది చెల్లెల్ని పియానో ముట్టుకోనివ్వదండీ, రాక్షసి" అన్నాడు డ్రైక్లీనింగాయన, రెండు పేజీలు తిప్పాడో లేదో.

"కాదండీ" అన్నాడు బావమరిది డబ్బా మీద నుంచి. "చెల్లెలి పెళ్లికి తను తాకట్టు పెట్టింది ఆ పియానోనే. మీకు తెలియదు, ఊరుకోండి."

నలుగురూ ఒక్కసారి అతని మీద విరుచుకుపడ్డారు. కళ్లద్దాలాయన బల్ల చరిచాడు.

ఈ గోలంతా చూస్తూ గుమ్మంలో నిలబడ్డ భార్య కూడా చెయ్యి చాచి కుప్పలోంచి ఒక ముక్క తీసింది. ఆవిడ ఏ పనైనా తేల్చే దగ్గర్నుంచి మొదలుపెట్టే మనిషి. ఏరి ఏరి నాలుగో ముక్కే తీసి, నిలబడే ఆఖరి రెండు పేజీలూ చదివి, చంకలో పెట్టుకుంది.

ఫ్యాన్ల డబ్బాలు చివరికి కళ్లద్దాలాయన ఇంటి ముందుగదిలోకి చేరాయి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, వాటిని చుట్టి వెళ్తే గానీ ఆయన తన కుర్చీ దగ్గరికి చేరలేడు. బావమరిది మాత్రం ఆదివారం అయ్యేసరికి ఐదో కుర్చీ తనే తెచ్చుకుని హాజరు.

పుస్తకాలు కోసిన ఆ సాయంత్రం షాపు మూసి మొగుడూ పెళ్లాం ఇంటికి నడుస్తున్నారు. తమ్ముడి ముందు పరువు తీశానని మండిపడుతుందని ఈయన కాచుకుని ఉన్నాడు.

"పెద్దదానిదే తప్పు" అంది ఆవిడ హఠాత్తుగా. "చివర్లో అది చేసిన పనికి చెల్లెలు ఆ ఇంటి గడప తొక్కకపోవడమే న్యాయం."

"చివర్లో ఏం చేసింది?"

"చెప్పను. మీ రూలేగా. మీరింకా మొదట్లోనే ఉన్నారు, నాకు ఆఖరిదాకా తెలుసు."

ఈ మాట ఆయన పెళ్లైన దగ్గర్నుంచీ వింటున్నాడు, గోడల రంగు విషయంలో, గడియారం విషయంలో, అన్నిటి విషయంలో. ఎప్పుడూ అక్కడితో సరే అనేవాడు. ఈసారి వీధి దీపం కింద ఆగిపోయాడు.

"నువ్వన్నది తప్పు" అన్నాడు.

ఆవిడా ఆగింది. చంకలో ముక్క జారకుండా సర్దుకుని, ఆయన ముఖంలోకి కొత్తగా చూసింది.

"ఏం, ఎందుకు తప్పు? మీకెలా అనిపించిందో చెప్పండి" అంది.

ఆయన తన ముక్కలో ఇంకా నాలుగు పేజీలు కూడా చదవలేదు. అయినా గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.